రెండు రబ్బర్లు పెడితే పన్ను రెండింతలు జరగదా?

ఈసారి ఉత్తరం 34 ఏళ్ళ పాఠకురాలి దగ్గర్నుంచి వచ్చింది. పేరు బయటపెట్టొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరంలో సగం ప్రశ్నలు, సగం తనను తాను తిట్టుకోవడం. సారాంశం ఇది.

చిన్నప్పట్నుంచి ఆమెవి ఎత్తు పళ్ళు. ఫోటో తీస్తుంటే పెదాలు బిగించుకోవడం, నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైపోయింది. ఉద్యోగంలో చేరి, చేతిలో సొంత డబ్బు ఆడి, ధైర్యం కూడగట్టుకుని 14 నెలల క్రితం క్లిప్పులు వేయించుకున్నారు. పైన రెండు వైపులా ఒక్కో పన్ను తీసి, ఆ ఖాళీలోకి ముందు పళ్ళను వెనక్కి లాగే వైద్యం. మొదటి కొన్ని నెలలు ఖాళీ కళ్ళముందే తగ్గింది. తర్వాత ఆగిపోయినట్టనిపించింది. అప్పుడు డాక్టరు పై కోరపన్ను నుంచి కింది దవడపన్నుకు రబ్బరు పెట్టుకోమన్నారు, ఒక్కో వైపు ఒకటి. 15 ఏళ్ళప్పుడు క్లిప్పులు పెట్టుకున్న చెల్లెలు ఏడాదిన్నరలో ముగించేసిందన్న పోలిక బుర్రలో తిరుగుతుండగా, ఈమె ఒక్కో వైపు రెండేసి పెట్టుకోవడం మొదలుపెట్టారు. అలా రెండు నెలలు. నొప్పి తట్టుకోలేక రోజూ రాత్రి ఒక ఐబుప్రోఫెన్ మాత్ర. ఈ రెండు సంగతులూ డాక్టరుకు చెప్పలేదు.

ఇప్పుడు పైన ముందు పన్ను ఒకటి వేలితో తాకితే ఊగుతోంది. ముందు పళ్ళ వేర్ల కొసలు మొద్దుబారాయనీ, ఊగుతున్న దానికి దాదాపు 2 మిల్లీమీటర్లు తగ్గిందనీ డాక్టరు ఎక్స్‌రేలో చూపించారు. మూడు నెలలు ఏ బలమూ పెట్టకుండా ఆపుదామన్నారు. ఇంట్లో భర్త “క్లిప్పులు తీయించేసుకో, ఉన్న పళ్ళు కూడా పోగొట్టుకుంటావా” అంటున్నారు. ఆఫీసులో ఒకావిడ, వైబ్రేషన్ పరికరంతో సగం కాలంలో పూర్తిచేసే డాక్టరు ఉన్నారని చెప్పారట. పన్ను ఊడిపోతుందా, ఇది నా చేతులారా చేసుకున్నదేనా, తీయించెయ్యనా, ఆగనా, డాక్టర్ని మార్చనా, రబ్బర్ల సంగతి చెప్పాలా అని అడుగుతున్నారు. సంతకం కింద, మర్చిపోయి చేర్చినట్టు ఒక వాక్యం ఉంది: ఎనిమిదేళ్ళప్పుడు మెట్ల మీద పడితే దెబ్బ తగిలింది ఈ పన్నుకే.

అమ్మా,

ముందుగా మొదటి ప్రశ్నకే జవాబు చెప్తాను, లేకపోతే మిగతాది మీరు స్థిమితంగా చదవలేరు. మీరు రాసిన కొలత సరైనదైతే ఆ పన్ను ఊడిపోయే స్థితిలో లేదు. పై ముందు పన్ను వేరు సగటున 13 మిల్లీమీటర్ల పొడవుంటుంది. రెండు పోతే ఇంకా పదకొండు ఉన్నాయి. పైగా వేరు కొసకు వచ్చేసరికి సన్నబడిపోతుంది, కాబట్టి పన్నును పట్టి ఉంచడంలో కొస వాటా తక్కువ. కొసన 3 మిల్లీమీటర్లు పోవడం, పన్ను మెడ దగ్గర ఎముక 1 మిల్లీమీటరు తగ్గడం, పట్టు లెక్కలో ఇంచుమించు ఒకటే. అంటే ఎక్స్‌రేలో మిమ్మల్ని భయపెట్టిన ఆ మొద్దు కొస కన్నా, క్లిప్పుల చుట్టూ పాచి పేరుకుని చిగుళ్ళు వాచడం ఆ పన్నుకి పెద్ద ప్రమాదం. దాని గురించి నాలుగు పేజీల్లో ఒక్క ముక్క లేదు. బ్రష్ చేసేటప్పుడు రక్తం కనిపిస్తోందేమో ఇవాళే చూసుకోండి.

క్లిప్పులు పెట్టుకున్నవాళ్ళలో వేరు కొసలు కాస్త మొద్దుబారడం చాలామందికి జరిగేదే. 4 మిల్లీమీటర్లకు పైగా, లేదా వేరు పొడవులో మూడోవంతు పోతే దాన్ని తీవ్రం అంటాం. అది నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా కనిపిస్తుంది. మీరు ఆ గీతకు ఇవతలే ఉన్నారు. అటువైపు వెళ్ళకుండా చూసుకోవడమే ఇప్పటి పని.

ఇక ఊగడం. పన్ను ఊగడం వేరు, పన్ను జరగడం వేరు. మీరు రెండింటికీ “కదలడం” అనే రాశారు, చిక్కంతా అక్కడే పడింది. ఎక్కువ ఊగితే ఎక్కువ జరుగుతోందని మొదట సంతోషపడ్డారు. ఇప్పుడు ఊగుతోంది కాబట్టి ఊడుతుందని భయపడుతున్నారు. రెండూ నిజం కావు. ఎందుకో చెప్పాలంటే పన్ను అసలు ఎలా జరుగుతుందో చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి, మీ మిగతా ప్రశ్నలకు జవాబు కూడా ఇందులోనే ఉంది.

పన్ను దవడలో మేకులా దిగ్గొట్టి లేదు. వేరుకూ ఎముకకూ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది, మిల్లీమీటరులో ఐదో వంతు. ఆ ఖాళీలో వేరు నుంచి ఎముకకు కట్టిన వేల పోగులు, వాటి మధ్య రక్తనాళాలు, నరాలు, ద్రవం, రకరకాల కణాలు. దీన్ని పెరియోడాంటల్ లిగమెంట్ అంటారు. పన్ను ఎముకకు అంటుకుని లేదు, ఈ పోగుల ఉయ్యాలలో వేలాడుతోంది. నమిలేటప్పుడు పన్ను మీద పడే బరువు కిలోల్లో ఉంటుంది. మీ రబ్బరు లాగేది గ్రాముల్లో. అయినా ఏళ్ళ తరబడి నమిలినా పన్ను జరగదు, చిన్న రబ్బరుకు జరుగుతుంది. తేడా కాలంలో ఉంది. ఒక్కో నములుకు ఒత్తిడి సెకను కూడా ఉండదు, ఖాళీలోని ద్రవం దాన్ని దిండులా కాసేస్తుంది. ఒత్తిడి కొన్ని సెకన్లు నిలిచిందా, ద్రవం పక్కకు తప్పుకుంటుంది, పోగుల మధ్య ఉన్న కణాలు ఒకవైపు నలుగుతాయి, ఇంకోవైపు సాగుతాయి.

అక్కడ్నుంచి కథ కణాలది. నలగడం, సాగడం వాటికి కబురు లాంటిది. నిమిషాల్లో ప్రోస్టాగ్లాండిన్లు, ఇంటర్‌ల్యూకిన్లు లాంటి రసాయనాలు విడుదలవుతాయి. ఎముక లోపల చిన్న చిన్న గదుల్లో ఇరుక్కుని ఉండే ఆస్టియోసైట్లు కూడా, తమ చుట్టూ సన్నని కాలువల్లో ద్రవం ఒరవడి మారగానే మేలుకుంటాయి. ఒత్తిడి నాలుగు గంటలు దాటాక కణాల లోపలి పని తీరే మారడం మొదలవుతుంది. అందుకే రబ్బర్లు గానీ ప్లాస్టిక్ తొడుగులు గానీ రోజుకు గంటా రెండు గంటలు పెట్టుకుంటే ఏమీ జరగదు. నలిగిన వైపు ర్యాంక్‌ఎల్ అనే సంకేతం పెరుగుతుంది, దాన్ని అణిచి ఉంచే ఆస్టియోప్రొటెజెరిన్ వెనక్కి తగ్గుతుంది. ఆ పిలుపుకు రక్తంలో తిరిగే ఒక రకం తెల్లకణాలు వచ్చి, ఒకదానితో ఒకటి కలిసిపోయి, చాలా కేంద్రకాలున్న పెద్ద కణాలవుతాయి. ఇవే ఆస్టియోక్లాస్ట్‌లు, ఎముకను కరిగించేవి. తేలికైన బలం అయితే దాదాపు రెండు రోజుల్లో పనిలోకి దిగుతాయి. సాగిన వైపు ఆస్టియోబ్లాస్ట్‌లు కొత్త ఎముకను పేరుస్తాయి. ముందు గోడ కరుగుతూ, వెనక గోడ లేస్తూ ఉంటే, పన్ను తన ఖాళీతో సహా జరుగుతుంది. ఈ లెక్కన నెలకు సుమారు 1 మిల్లీమీటరు.

అంటే పన్నును జరిపేది రబ్బరు కాదమ్మా. రబ్బరు కబురు మాత్రమే పంపుతుంది. దీనికి రుజువు కావాలంటే ఇంప్లాంటును, అంటే పోయిన పన్ను స్థానంలో ఎముకలో బిగించే లోహపు వేరును చూడండి. దాని చుట్టూ లిగమెంట్ ఉండదు, ఎముక నేరుగా లోహాన్ని అంటుకుని ఉంటుంది. ఎంత కాలం లాగినా అది జరగదు, కబురు అందుకునేవాళ్ళు అక్కడ లేరు గనక.

ఇప్పుడు మీ రెండో రబ్బరు. కబురు గట్టిగా చెబితే పని త్వరగా అవుతుందని మీరనుకున్నారు. మీరే కాదు, ఈ విద్య కొత్తలో డాక్టర్లూ అనుకున్నారు. 1904, 1905 సంవత్సరాల్లో స్వీడన్‌కు చెందిన శాండ్‌స్టెడ్ కుక్కల పళ్ళకు తీగ బిగించి, ఆ దవడ ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసి ప్రచురించాడు. తేలిక బలం పెట్టిన చోట గోడ తిన్నగా కరిగింది. గట్టి బలం పెట్టిన చోట, నలిగిన లిగమెంట్‌లో కణాలే కనిపించలేదు. రక్తనాళాలు మూసుకుపోయి, కణాలు చచ్చిపోయి, ఆ చోటు గాజుముక్కలా నున్నగా తయారైంది. గాజు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచే దీనికి హయలినైజేషన్ అని పేరు. విద్యార్థిగా ఉన్నప్పుడు మొదటిసారి ఆ స్లైడ్ చూసి మా మాస్టారితో “ఇక్కడ ఏమీ లేదు సార్” అన్నాను. “అదే చూడమన్నాను” అన్నారాయన. 1932లో ష్వార్జ్ అనే పరిశోధకుడు దీనికొక హద్దు చెప్పాడు: పెట్టే ఒత్తిడి అక్కడి సన్నని రక్తనాళాల్లోని ఒత్తిడిని, అంటే చదరపు సెంటీమీటరుకు 20 నుంచి 26 గ్రాములను మించకూడదని. ఆ అంకె గురించి ఇవాళ వాదనలున్నాయి గానీ ఊపిరాడనిచ్చే బలమే పనిచేసే బలం అన్న మాట మాత్రం నిలిచింది.

గోడను కరిగించాల్సిన కణాలు లోపలి నుంచి రాలేకపోతే ఏమవుతుంది? ఎముకలోని మూలుగ వైపు నుంచి, వెనకదారిన, తొలుచుకుంటూ రావాలి. దానికి వారం, రెండు వారాలు, పెద్దవాళ్ళలో ఇంకా ఎక్కువ. అంతవరకూ పన్ను జరగదు. తొలవడం పూర్తయ్యాక ఒక్కసారిగా జారుతుంది. మళ్ళీ గట్టిగా లాగితే మళ్ళీ అదే వరస. చిన్న మోతాదులో ఈ ఆగిపోవడం జాగ్రత్తగా వైద్యం చేసినా ఉంటుంది. బహుశా మీరు చూసి కంగారుపడ్డ ఆ ‘ఆగిన’ నెల అలాంటిదే. దాన్ని దాటడానికి మీరు చేసిన పని దాన్ని పొడిగించేది. ఇంకో సంగతి, రబ్బరుకు రెండు కొసలుంటాయి, రెండింటినీ సమానంగా లాగుతుంది. ముందు పళ్ళు ఇరుక్కుని ఉంటే ఆ బలం కింది పళ్ళను ముందుకు తెస్తుంది. మీ డాక్టరు అది కూడా కొలిచి చూడాలి.

వేరు సంగతికొద్దాం. ఎముక కరిగినంత తేలికగా వేరు కరగదు. దాని మీద సిమెంటం అనే పొర, ఆ పొర మీద ఇంకా గట్టిపడని పలుచని పూత, దాని మీద కాపలా కణాలు ఉంటాయి. క్లిప్పుల వైద్యం సాధ్యమవుతున్నదే ఈ తేడా వల్ల, లేకపోతే పన్ను జరిగేలోగా వేరే మాయమయ్యేది. కానీ లిగమెంట్‌లో ఒక చోటు చచ్చిపోతే, ఆ శిథిలాన్ని ఎత్తెయ్యడానికి వచ్చే కణాలు ఊడ్చే ఊపులో వేరు మీది పూతను కూడా గీకేస్తాయి. పూత పోయిన చోట వేరు కూడా ఎముక లాగే వాటికి లోకువ. ముందు పళ్ళ కొసల్లో ఒత్తిడి ఎక్కువగా చేరుతుంది కాబట్టి దెబ్బ అక్కడ ముందు కనిపిస్తుంది.

ఇక ఊగడం ఎందుకంటే, పన్ను జరిగే రోజుల్లో లిగమెంట్ ఖాళీ వెడల్పవుతుంది, పోగులు తెగి మళ్ళీ కట్టుకుంటూ ఉంటాయి, చుట్టూ ఉన్న ఎముక కొత్తది, మెత్తనిది. కొంత ఊగడం క్లిప్పులున్న ప్రతి నోట్లోనూ ఉంటుంది. గట్టి బలం పెడితే తొలిచిన ఖాళీ పెద్దదవుతుంది గనక ఎక్కువ ఊగుతుంది, అదే సమయంలో జరగడం తగ్గుతుంది. బలం తీసేస్తే కొన్ని వారాల్లో ఊగడం తగ్గుముఖం పడుతుంది. తగ్గకపోతే ఇంకో కారణం వెతకాలి. ముఖ్యంగా నోరు మూసినప్పుడు కింది పన్ను వచ్చి దాన్ని గుద్దుతోందేమో చూడమని అడగండి. వెనక్కి వచ్చే ముందు పళ్ళకు ఇది తరచు జరిగేదే, ఇంట్లో మనకు తెలియదు.

చెల్లెలితో పోలిక వదిలెయ్యండి. 15 ఏళ్ళ నోట్లో ఈ కణాలు ఎలాగూ పనిమీదే ఉంటాయి, ఒంట్లో ఎదుగుదల ఆగలేదు గనక. 34 ఏళ్ళ నోట్లో వాటిని ముందు కూడగట్టాలి, అందుకే మొదలు ఆలస్యం. మొదలయ్యాక వేగంలో తేడా మీరనుకున్నంత ఉండదు. మీ ఇద్దరి పళ్ళకూ జరగాల్సిన దూరం ఒకటేనా అన్నది కూడా మీరు రాయలేదు.

మాత్రల గురించి మీరు అడగలేదు, కానీ చెప్పాలి. బలం పెట్టిన కొన్ని గంటలకు మొదలై, మర్నాటికి బాగా ముదిరి, వారానికి సర్దుకునే ఆ నొప్పిలో ప్రోస్టాగ్లాండిన్ల చెయ్యి ఉంది. పన్ను జరగడానికి కబురు మోసేవీ అవే. ఐబుప్రోఫెన్ పనిచేసేది ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపే. ఎప్పుడైనా ఒకటి రెండు మాత్రలు వేసుకుంటే ఏమీ కాదు. రోజూ నెలల తరబడి వేసుకుంటే పన్ను నెమ్మదించవచ్చు, జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో అది కనిపించింది. మీ సంగతి చూడండి: త్వరగా జరగాలని రెండు రబ్బర్లు, ఆ నొప్పికి మాత్ర, ఆ మాత్ర జరగనివ్వదు. ఇందుకే చాలామంది డాక్టర్లు ఈ నొప్పికి పారాసిటమాల్ మేలంటారు. మీకున్న ఇతర జబ్బులు, మందులు తెలిసిన మీ డాక్టర్నే అడిగి మార్చుకోండి. ఎముకలు గుల్లబారకుండా వాడే బిస్ఫాస్ఫొనేట్ మందులు ఎప్పుడైనా వాడి ఉంటే అది తప్పక చెప్పాలి. అవి ఆస్టియోక్లాస్ట్‌లనే కట్టడి చేస్తాయి, ఎముకలో ఏళ్ళ తరబడి ఉండిపోతాయి.

తప్పు మీదేనా అంటే, కొంత. ఎంత అన్నది ఎవరూ తేల్చలేరు. వేర్లు కరగడంలో పుట్టుకతో వచ్చిన తత్వం ఉంది, వేరు ఆకారం ఉంది, వైద్యం ఎంత కాలం సాగింది, పన్ను ఎంత దూరం జరిగింది అన్నవి ఉన్నాయి. మీ విషయంలో సంతకం కింద రాసిన ఆ ఒక్క వాక్యం కూడా ఉంది. చిన్నప్పుడు దెబ్బతిన్న పన్ను వేరు విషయంలో మామూలు కన్నా ఎక్కువ జాగ్రత్తపడాలి, ముఖ్యంగా దెబ్బ తర్వాత వేరు కొంత కరిగిన ఆనవాళ్ళుంటే. ఆ పన్నులో నరం ఇంకా బతికే ఉందా అన్నది కూడా పరీక్షించాలి. 14 నెలల క్రితం మొదటి రోజు అడిగే ఫారంలో దెబ్బల గురించి ప్రశ్న ఉండే ఉంటుంది. మెట్ల మీద పడ్డ సంగతి ఎవరికి గుర్తుంటుంది లెండి. రెండో రబ్బరు విషయంలో మాత్రం మిమ్మల్ని పూర్తిగా వదిలెయ్యలేను, అదీ మీరు కోరుకోవడం లేదని ఉత్తరం చదివితే తెలుస్తోంది.

ఇప్పుడేం చెయ్యాలి. దారులు నాలుగున్నాయి, నాకు కనిపించినంతలో ఏదీ పూర్తిగా మూసుకుపోలేదు.

మీ డాక్టరు చెప్పినట్టు మూడు నెలలు ఆగడం ఒకటి. క్లిప్పులు, తీగ ఉంటాయి, లాగడం ఉండదు. ఆ కాలంలో కరిగించే కణాలు వెళ్ళిపోతాయి, వేరు మీద పడ్డ గుంటల్ని కొత్త సిమెంటం పూడుస్తుంది. పోయిన పొడవు తిరిగి రాదు, ఆ ఆశ పెట్టుకోకండి. వేరు చుట్టూ గరుకు నునుపవుతుంది, కరగడం ఆగుతుంది. మధ్యలో వేర్లు కరుగుతున్నట్టు కనిపించినవాళ్ళకు రెండు మూడు నెలలు విరామం ఇచ్చి మళ్ళీ మొదలుపెడితే, ఆపకుండా లాగినవాళ్ళ కన్నా తక్కువ వేరు పోయిందని లెవాండర్ బృందం 1994లో ప్రచురించింది. చిన్న అధ్యయనమే, కానీ మీ డాక్టరు మాట గాల్లోంచి వచ్చింది కాదని చెప్పడానికి సరిపోతుంది. నష్టాలు? వైద్యం అంతమేర సాగుతుంది. ఖాళీని తీగతో కట్టి ఉంచకపోతే కాస్త తెరుచుకోవచ్చు, కట్టమని అడగండి. మళ్ళీ మొదలుపెట్టాక ఆరు నెలలకోసారైనా ఎక్స్‌రే తీసి చూడాల్సి ఉంటుంది.

మీ వారు చెప్పినట్టు తీయించెయ్యడం ఇంకొకటి. ఆయన భయం తప్పు కాదు. లాగడం ఆగితే వేరు కరగడం దాదాపు ఆగిపోతుంది, ఆ లెక్కలో ఇది భద్రమైన దారే. కానీ ఇప్పటికిప్పుడు తీసేస్తే మిగిలిన ఖాళీ, సగంలో ఉన్న కొరుకు అలాగే ఉంటాయి. పైగా జరిపిన పళ్ళు జరిపిన చోట ఊరికే ఉండవు. లిగమెంట్ పోగులు సర్దుకోవడానికి మూడు నాలుగు నెలలు, చిగుళ్ళలోని సాగే పోగులకు ఏడాది దాకా పడుతుంది, అప్పటిదాకా పాత చోటికే లాగుతుంటాయి. కాబట్టి తీయించినా, పళ్ళను జరిపిన చోటే పట్టి ఉంచే రిటెయినర్ తప్పదు. “తీయించేస్తే పీడ పోతుంది” అన్నది మాత్రం ఈ దారిలో లేదని ఆయనకు చెప్పండి.

మూడోది ఎవరూ మీకు చెప్పినట్టు లేదు, నాకైతే ఇదే ఆలోచించదగ్గది అనిపిస్తోంది. విరామం తీసుకుని, తర్వాత గమ్యాన్ని దగ్గరకు తెచ్చుకోవడం. మొదట అనుకున్నంత వెనక్కి ముందు పళ్ళను తేనక్కర్లేదు, పెదాలు తేలికగా మూసుకునే దగ్గర ఆపొచ్చు. మిగిలిన కాస్త ఖాళీని వెనక పళ్ళను ముందుకు తెచ్చి మూయొచ్చు, వాటి వేర్లు బాగుంటే. ముందు పళ్ళ వేర్లను లోపలికి నొక్కే, తిప్పే పనులు తగ్గించుకోవచ్చు. పైకి చూసేవాళ్ళకు తేడా తెలియదు. అద్దంలో మీకు తెలుస్తుంది. ఆ తేడాతో మీరు సర్దుకోగలరా లేదా అన్నది డాక్టరు తేల్చేది కాదు, మీరే ముందు నిర్ణయించుకుని ఆయనకు చెప్పాలి.

ఇక సగం కాలంలో పూర్తిచేసే డాక్టరు. వైబ్రేషన్ పరికరాల మీద జరిగిన పోలిక పరీక్షల్లో నమ్మదగ్గ లాభమేదీ తేలలేదు. నోట్లో వణుకు పుట్టినంత మాత్రాన ఆస్టియోక్లాస్ట్‌లు పరుగెత్తుకు రావడం లేదు. ఎముక మీద చిన్న కోతలు పెట్టి, గాయం మానే కాలంలో పెరిగే ఎముక మార్పిడిని వాడుకునే పద్ధతి వేరే ఉంది, దానికి కొంత ఆధారం ఉంది. ఆ వేగం కొన్ని నెలలే, అదీ శస్త్రచికిత్సే. వేర్లు కురచైన మీకు ఇప్పుడు తొందర అవసరమా అన్నది నా సందేహం. రెండో అభిప్రాయం తీసుకోవడంలో మాత్రం తప్పేమీ లేదు. వెళ్తే మొదటి రోజు ఎక్స్‌రే, ఇప్పటి ఎక్స్‌రే రెండూ పట్టుకెళ్ళండి. వాటిని పక్కన పెట్టి గడువు చెప్పేవాళ్ళ దగ్గర కూర్చోకండి.

చివరి ప్రశ్న, డాక్టరుకు చెప్పాలా? చెప్పకపోతే ఏమవుతుందో చూడండి. ఆయన దృష్టిలో మీకు ఒక్కో వైపు ఒక్క రబ్బరే ఉంది, తేలిక బలం. అంత తేలిక బలానికే వేర్లు ఇంత కరిగాయంటే మీ వేర్ల తత్వమే బలహీనమని ఆయన తేల్చుకుంటారు. అప్పుడు మీ వైద్యాన్ని అవసరానికి మించి కుదించేయవచ్చు, ఆపేసేయనూవచ్చు. రెండు రబ్బర్లు, రోజూ మాత్ర, చిన్నప్పటి దెబ్బ, ఈ మూడూ తెలిస్తే ఎక్స్‌రే అదే, లెక్క మారిపోతుంది. ఆయన విసుక్కోవచ్చు. నేనైతే విసుక్కుంటాను, ఆ తర్వాత ఊపిరి పీల్చుకుంటాను, ఎందుకంటే కారణం తెలిసిన ఇబ్బంది నయం. ఇన్నేళ్ళలో రబ్బర్లు పెట్టుకోకుండానే పెట్టుకున్నామని చెప్పినవాళ్ళు నాకు లెక్కలేనంత మంది. ఎక్కువ పెట్టుకున్నవాళ్ళు ఓ నలుగురైదుగురు. ఎదురుగా చెప్పడం కష్టమైతే వెళ్ళే ముందు ఒక మెసేజ్ పెట్టండి: ఏ రోజు నుంచి ఏ రోజు దాకా, రోజుకు ఎన్ని గంటలు, రెండేసి పెట్టుకున్నారో. క్షమాపణ ఒక్క వాక్యం చాలు, తేదీలు మాత్రం సరిగ్గా ఉండాలి.

రెండో రబ్బరు ఈ రాత్రే తీసేయండి. మొదటిదాన్ని కూడా ఉంచాలా వద్దా అని రేపు ఫోన్ చేసి అడగండి, మూడు నెలల విరామం అన్నారంటే అది కూడా వద్దనే అయి ఉంటుంది. వెళ్ళేటప్పుడు మిగిలిన రబ్బర్ల ప్యాకెట్టు వెంట తీసుకెళ్ళండి. దాని మీద సైజు, బలం అచ్చువేసి ఉంటాయి, ఆ పన్ను మీద రెండు నెలలు ఎంత బరువు వేలాడిందో ఆయన అక్కడికక్కడే లెక్క కట్టుకుంటారు.